రోలు, రోకలి, తిరగలి: స్త్రీల వాఙ్మయంలో నిత్యవస్తువుల అంతరార్థం

(ధనుర్మాసోత్సవాల సందర్భంగా ఆలయ మండపంలో చేసిన ప్రసంగ పాఠం)

 

ధనుర్మాసం ముగియవస్తున్నది. ఈ నెల దినములుగా ప్రతి ఉదయం ఈ మండపంలో తిరుప్పావై పాశురాలు వింటున్నాము. తిరుమల క్షేత్రంలో సైతం ఈ మాసమంతా సుప్రభాతానికి మారుగా, ఆండాళ్ తల్లి అనుగ్రహించిన ఆ పాశురాలతోనే స్వామివారిని మేల్కొలుపుతారు. లోకాలను మేల్కొలిపే స్వామిని ఒక ఆడపిల్ల మాట మేల్కొలుపుతున్నది. కనుక నేటి ప్రసంగానికి విషయం మీ ఇష్టమని ధర్మకర్తలు సెలవిచ్చినప్పుడు, స్త్రీలు రచించిన వాఙ్మయంలోను, స్త్రీలు పాడుకొన్న పాటలలోను మన ఇంటి వస్తువులు ఎట్లా దర్శనమిస్తాయో విన్నవించాలని సంకల్పించాను.

రోలు, రోకలి, చేట, తిరగలి, కవ్వం, అద్దం, తలుపు గడియ. ఇవీ నేటి విషయాలు. ఇవి కూడా ప్రవచనానికి తగినవేనా అని కొందరికి తోచవచ్చు. తగినవేనని శాస్త్రమే చెబుతున్నది. ముందు ఆ శాస్త్రం సంగతి మనవి చేసి, పిమ్మట పాటల సంగతికి వస్తాను. మొల్ల, తిమ్మక్క మొదలైన కవయిత్రుల కావ్యాలు పండితలోకం ఎరిగినవే. నేడు నేను ఎక్కువగా చెప్పబోయేది చేతిలో పని ఉండగా నోట పుట్టిన పాటలను గురించి.

ఈ కాలంలో సాహిత్యం చెప్పేవారు ‘ప్రతీక’ అనే మాటను తరచుగా వాడుతున్నారు. దీపం జ్ఞానానికి ప్రతీక, తామర నిర్లేపతకు ప్రతీక అంటారు. ఆ మాట వేదాంతంలో ఎంతో కాలంగా ఉన్నది. బ్రహ్మసూత్రాలలో నాలుగవ అధ్యాయం మొదటి పాదంలో ప్రతీకోపాసనను గురించిన విచారణ వస్తుంది. మనస్సును బ్రహ్మముగా ఉపాసించమని, ఆదిత్యుని బ్రహ్మముగా ఉపాసించమని ఉపనిషత్తులు విధించాయి. అక్కడ ఒక సందేహం పుడుతుంది. ఆదిత్యుని యందు బ్రహ్మమును చూడాలా? బ్రహ్మము నందు ఆదిత్యుని చూడాలా? తక్కువైన దానియందు ఎక్కువైన దానిని చూడవలెనని సూత్రకారుల నిర్ణయం. దీనికి శంకర భగవత్పాదులు ఒక లోకన్యాయం చూపారు. రాజుగారి సారథిని రాజుగా భావించి గౌరవిస్తే మేలు కలుగుతుంది. రాజును సారథిగా భావించి ప్రవర్తిస్తే కీడు కలుగుతుంది.

దీనిని అలంకారంతో పోల్చి చూడండి. ముఖం చంద్రునివలె ఉన్నదని కవి అన్నప్పుడు, చంద్రునితో కవికి ఉన్న పని ముఖాన్ని వర్ణించేవరకే. ఆ పని తీరిన తరువాత చంద్రుడు ఆకాశంలో ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. ప్రతీక అట్లా కాదు. ఉపాసన జరిగినంతసేపూ ఆ వస్తువు ఎదుట ఉండవలసినదే. సాలగ్రామాన్ని పక్కన పెట్టి సాలగ్రామార్చన చేయలేము. ఈ భేదాన్ని మనస్సులో ఉంచుకొని స్త్రీల పాటలు వినండి. కావ్యాలలో ఇంటి వస్తువు చాలావరకు అలంకారంగా వస్తుంది. స్త్రీల పాటలలో అదే వస్తువు ప్రతీకగా వస్తుంది. ఎందుకంటే పాడుతున్న ఆమె చేయి ఆ వస్తువు మీదనే ఉన్నది. నేను చెప్పదలచిన మాట ఇంతే. తక్కినదంతా దీనికి వ్యాఖ్యానం.

శ్రౌతకర్మలలో దర్శపూర్ణమాసలు ప్రధానమైనవి. ఆ యాగానికి కావలసిన సాధనాలను యజ్ఞాయుధాలు అంటారు. తైత్తిరీయ సంహితలో వాటిని పదిగా లెక్కించారు. స్ఫ్యం, కపాలాలు, అగ్నిహోత్రహవణి, శూర్పం, కృష్ణాజినం, శమ్య, ఉలూఖలం, ముసలం, దృషత్తు, ఉపల. గురుకులంలో ఈ పట్టికను మేము పదేపదే వల్లించేవారము. ఒకనాడు లోపల పని చేసుకొంటున్న మా గురుపత్ని అది విని, “నాయనా! మీరు చెప్పే పదింటిలో అయిదు నా వంటింట్లోనే ఉన్నాయి కదా!” అన్నారు. లెక్క చూసుకొంటే ఆ తల్లి మాట అక్షరాలా నిజం. శూర్పమంటే చేట. ఉలూఖలమంటే రోలు. ముసలమంటే రోకలి. దృషత్తు సన్నికల్లు, ఉపల దాని మీది పొత్రం. పదింటిలో సరిగ్గా సగం!

పురోడాశానికి ధాన్యాన్ని దంచేటప్పుడు, హవిస్సును సిద్ధం చేసేవారిని ‘హవిష్కృత్తు’ అని సంబోధించి పిలవడం ఒక విధి. పూర్వం ఆ పిలుపు వినగానే యజమాని భార్యయే లేచి వచ్చేదని శతపథ బ్రాహ్మణం మొదటి కాండలో ఉన్నది. అంటే వేదం ఆమెను పిలిచిన పేరు హవిస్సును చేసే మనిషి అని. మీమాంసకులు మరొక సూక్ష్మం చెప్పారు. వడ్లమీది పొట్టును గోటితో గిల్లి కూడా తీయవచ్చు. అయినా దంచియే తీయాలని వేదం నియమించింది. పొట్టు పోవడం కంటికి కనబడే ఫలం. దంచడమనే నియమం వల్ల కలిగేది అపూర్వం, అంటే కంటికి కనబడని ఫలం. దంపునకు రెండు ఫలాలు ఉన్నవని జైమిని సంప్రదాయం శతాబ్దాలుగా వాదించి నిలబెట్టిన విషయం ఇది. ఈ శాస్త్రచర్చ వినని తల్లులు సైతం దంచుతూ సువ్వి పాట పాడారు. బియ్యం ఇంటివారికి, పాట భగవంతునికి. వారికి కూడా ఒక్క దంపునకు రెండు ఫలాలే.

ఇక భాగవతానికి వద్దాము. దశమ స్కంధంలో కంసుని సభకు శ్రీకృష్ణుడు వచ్చినప్పుడు మథురానగర స్త్రీలు వ్రేపల్లె గోపికల భాగ్యాన్ని తలచుకొంటారు. వారు ఏమని తలచుకొన్నారో గమనించండి. గోపికలు తపస్సు చేశారనలేదు, దానాలు చేశారనలేదు. పాలు పితుకుతూ, ధాన్యం దంచుతూ, పెరుగు చిలుకుతూ, ఇల్లు అలుకుతూ, ఊయల ఊపుతూ, ఏడ్చే బిడ్డలను సముదాయిస్తూ, వాకిట కళ్ళాపి చల్లుతూ, ఊడుస్తూ వారు కృష్ణుని పాడుకొన్నారని తలచుకొన్నారు. శుకమహర్షి చూపిన గోపికాభక్తిలో ఇంటిపనుల జాబితా ఇంత వివరంగా ఉన్నది. అదే స్కంధంలో యశోదాదేవి, దాసీజనం వేరే పనులలో ఉండగా, తానే కవ్వం పట్టి చిలుకుతూ కృష్ణుని బాల్యచేష్టలను పాడుకొంటూ ఉంటుంది. బాలకృష్ణుడు వచ్చి ఆ కవ్వాన్ని పట్టుకొన్నాడు. యోగులు ధ్యానంలో పట్టుకోవాలని యత్నించే పరమాత్మ, పాట పాడుతున్న తల్లి చేతి కవ్వాన్ని తానుగా వచ్చి పట్టుకొన్నాడు. పిమ్మట ఆమె కట్టినది రోటికి. రెండు అంగుళాలు తక్కువైన తాడు, రోలు, కవ్వం, వెన్నకుండ. దామోదరలీలలో ఉన్న సామగ్రి అంతా వంటింటిదే.

మన తెలుగునాట ప్రతి పనికీ ఒక పాట ఉండేది. దంచేటప్పుడు సువ్వి పాట, విసిరేటప్పుడు తిరగలి పాట, చిలికేటప్పుడు చల్ల పాట, బిడ్డకు జోల, దేవునికి మంగళహారతి. పనిని బట్టి నడక కుదిరేది. ఇద్దరు స్త్రీలు ఒకే రోటిలో రోకళ్ళు వేస్తున్నప్పుడు ఒకరి రోకలి లేచే సమయానికి రెండవవారి రోకలి పడాలి. ఆ లెక్క తప్పితే రోకళ్ళు ఒకదానికొకటి తగులుతాయి. పాట ఆ లెక్కను కాపాడేది. పదకవితాపితామహులు అన్నమాచార్యులవారు సువ్వి, లాలి, జోల వంటి ఈ బాణీలలో సంకీర్తనలు రచించారు. ఈ బాణీలను ఇళ్ళలోని తల్లులు రోటి దగ్గర, ఊయల దగ్గర తరతరాలుగా నిలుపుకొంటూ వచ్చారు.

నేటికీ పెళ్ళి పనులు ప్రారంభించేటప్పుడు ముత్తైదువులు రోలుకు, రోకలికి పసుపుకుంకుమలు పెట్టి, తోరం కట్టి పసుపు దంచుతారు. వాయనాన్ని చేటలో ఇస్తారు. పుట్టిన బిడ్డను చేటలో బియ్యం పోసి పడుకోబెట్టే ఆచారం ఉన్నది. వధువు పాదాన్ని సన్నికల్లుపై పెట్టిస్తారు. తెలంగాణలో తంగేడు, గునుగు వంటి పూలను పళ్ళెంలో వరుసలుగా పేర్చి, పసుపుముద్దను గౌరమ్మగా నిలిపి, చుట్టూ తిరుగుతూ బతుకమ్మ పాటలు పాడుతారు. చేలగట్టున పూచిన పువ్వు, వంటింటి పసుపు, ఇంట్లోని పళ్ళెం ఆ తొమ్మిది దినాలూ దేవి అవుతాయి. తక్కువైన దానియందు ఎక్కువైన దానిని దర్శించడం అంటే ఇదే. సూత్రభాష్యం చదవకుండానే ఆ తల్లులు సూత్రార్థాన్ని ఆచరించారు.

ఇప్పుడు ఆండాళ్ తల్లి వద్దకు వద్దాము. ముప్ఫై పాశురాలలో ఎన్ని ఇంటి వస్తువులు ఉన్నవో ఈ నెలంతా విన్నారు. ఏడవ పాశురంలో గొల్లభామలు పెరుగు చిలుకుతుంటే వారి నగల సవ్వడి, పెరుగు సవ్వడి కలిసి వినబడతాయి. ఇరవయ్యవ పాశురంలో గోపికలు నీళాదేవిని విసనకర్ర, అద్దం ఇమ్మని, వాటితోపాటు స్వామిని కూడా తమకు ఇమ్మని అడుగుతారు. మన పూర్వాచార్యులు వీటికి గంభీరమైన అంతరార్థాలు చెప్పారు. అద్దం స్వస్వరూపాన్ని చూపేదని పెద్దలు వివరిస్తారు. అది శిరోధార్యం. అయితే ఆ అంతరార్థాల కంటె ముందు పాశురంలోనే ఉన్న ఒక వరుసను గమనించండి.

రెండవ పాశురంలో వ్రతం పట్టిన పిల్లలు నెయ్యి తినము, పాలు త్రాగము, కాటుక పెట్టుకోము, పూలు ముడువము అన్నారు. ఇరవై ఏడవ పాశురానికి వచ్చేసరికి కంకణాలు, కర్ణాభరణాలు, అందెలు, కొత్త బట్టలు, మోచేతి వెంట నెయ్యి కారే క్షీరాన్నం అడిగి, అందరితో కూడి కూర్చొని ఆనందిస్తామన్నారు. అందుకే ఆ నాడు కూడారై ఉత్సవం చేసి ప్రసాదం పంచుకొంటున్నాము. విడిచినవీ, తిరిగి కోరినవీ ఒకే తీరు వస్తువులు. నెయ్యి అదే నెయ్యి. భేదం ఎక్కడ ఉన్నది? ఒంటరిగా అనుభవించే నెయ్యిని విడిచారు, భగవంతునితోను తోటివారితోను కలిసి కూర్చొని తినే నెయ్యిని కోరారు. ఇక మొదటి నుండి వారు అడుగుతూ వచ్చిన ‘పఱ’ అనే వాద్యం ఉన్నది కదా! ఇరవై తొమ్మిదవ పాశురంలో ఆండాళ్ తల్లియే, గోవిందా! మేము వచ్చినది ఈ వాద్యం కొరకు కాదు, ఎప్పటికీ నీకు కైంకర్యం చేసే భాగ్యం కొరకు అని విప్పి చెప్పింది. ప్రతీకను పెట్టినదీ ఆమెయే, దానిని విప్పినదీ ఆమెయే.

ఒకే వస్తువును చూసేవారు ఒకరీతిగా, దానితో పని చేసేవారు మరొకరీతిగా గ్రహిస్తారు. దీనికి తిరగలి కంటె మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. కబీరుదాసు తిరుగుతున్న తిరగలిని చూసి కన్నీరు పెట్టుకొన్నాడు. ఆయనకు రెండు రాళ్ళ నడుమ నలిగిపోయే గింజలు కనబడ్డాయి, సంసారంలో నలిగే జీవులు జ్ఞాపకం వచ్చారు. అది మహాత్ముని దర్శనం, సత్యం. మహారాష్ట్రలో నామదేవుని ఇంట పనిచేసిన జనాబాయి అనే భక్తురాలు ఉన్నది. ఆమె తెల్లవారకముందే లేచి విసిరేది. ఆమె అభంగాలలోనూ తిరగలి ఉన్నది. కాని అక్కడ రాళ్ళ నడుమ నలిగే జీవుల మాట కంటె, ఎదురుగా వచ్చి కూర్చొని తనతోపాటు విసిరే విఠలుని మాట ముఖ్యం. ఆ స్వామి ఆమెతో కలిసి ఊడుస్తాడు, చెత్త ఎత్తుతాడు. ఆమె తల కూడా దువ్వుతాడు.

ఎందుకు ఈ భేదం? కబీరు తిరగలి చూసేవాని తిరగలి. జనాబాయి తిరగలి విసిరేవారి తిరగలి. విసిరేవారికి మొదట తెలిసేది చేతి నొప్పి. పెద్ద తిరగలికి ఎదురుగా రెండవవారు కూర్చొని పిడి మీద చేయి వేస్తే బరువు సగమవుతుంది. ఆ సంగతి విసిరిన చేతికే తెలుస్తుంది. కనుక విసిరే ఆమె భగవంతుని ఎట్లా కోరుతుంది? తన ఎదుట కూర్చొని రెండవ చేయి వేసేవానిగా కోరుతుంది. పండరిపురంలో ఇటుక మీద నిలిచిన స్వామి ఆమె కొరకు ఇటుక దిగి వచ్చి తిరగలి ముందు కూర్చొన్నాడు. ఇందులో చమత్కారం కొరకు చెప్పినది ఏదీ లేదు. అది ఆమె నిత్యానుభవం నుండి పుట్టిన ప్రార్థన.

మన తెలుగు స్త్రీల రామాయణపు పాటలలో కూడా ఇదే దృష్టి ఉన్నది. లక్ష్మణదేవర నవ్వు, ఊర్మిళాదేవి నిద్ర వంటి పాటలు మీ ఇళ్ళలోని పెద్ద ముత్తైదువులకు నేటికీ కొంత కొంత జ్ఞాపకం ఉంటాయి. వాల్మీకి మహర్షి ధర్మాన్ని సభలలో, అరణ్యాలలో, యుద్ధభూమిలో చూపారు. ఈ పాటలు అదే ధర్మాన్ని పురిటిగదిలో, వంటింట్లో, పడకటింటి తలుపు దగ్గర చూపుతాయి. వాటిలో సీత గడియ అని ఒక పాట ఉన్నది. కథ చాలా చిన్నది. సీతమ్మ ఇంట్లో పనులు ముగించుకొని వచ్చేసరికి ఆలస్యమవుతుంది. ఎదురుచూసిన రామచంద్రునికి కోపం వచ్చి లోపల గడియ వేసుకొంటాడు. ఆమె బ్రతిమాలినా తీయడు. అప్పుడు ఆమె నెమ్మదిగా వెళ్ళి కౌసల్యాదేవికి విన్నవిస్తుంది. అత్తగారు వచ్చి కుమారుని మందలిస్తుంది.

ఈ పాట స్వామివారి మహిమకు తక్కువ చేస్తుందని ఎవరైనా శంకిస్తే, నాకు అట్లా తోచదు. తండ్రి మాట కొరకు అడవికి వెళ్ళిన రాముడు తల్లి మాటకు తలుపు తీయడం ఆ గుణానికే తగినది. ఇక్కడ వస్తువు ఏది? తలుపు గడియ. దానికి సంసారబంధమనో, అజ్ఞానావరణమనో నేను ఇప్పుడే అంతరార్థం చెప్పగలను. అట్లా చెబితే పాట చెప్పినది మరుగున పడుతుంది. పాట చెప్పినది ఇది. ఆమెకు ఆలస్యమైనది పని వల్ల. ఆ పని ఆ ఇంటివారందరి కొరకు. అది తెలియనివారు లోపల ఉన్నారు, తెలిసినవారు వెలుపల నిలబడి ఉన్నారు. నడుమ ఒక గడియ. ఎన్నో ఇళ్ళలో ఎందరో తల్లులు నోరు విప్పి చెప్పుకోలేని మాటను సీతమ్మ పేరు మీద పాడుకొన్నారు. కౌసల్యాదేవి వంటి అత్తగారు తమ పక్షాన పలకాలని కోరుకొన్నారు. ఆ కోరిక కూడా భక్తిలో భాగమే. కష్టం చెప్పుకోవడానికి వీలులేని దేవుని ఎవరు ప్రేమించగలరు?

అందువల్ల ఈ వాఙ్మయాన్ని వ్యాఖ్యానించేవారికి, వినేవారికి ఒక హెచ్చరిక మనవి చేస్తాను. వంటింటి పాటలు కదా అని తేలికగా చూడడం ఒక దోషం. దానిని గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, శ్రుతియే ఆ రోలును, రోకలిని యజ్ఞాయుధాలన్నది. రెండవ దోషం మరింత సూక్ష్మమైనది. రోలు బ్రహ్మమని, రోకలి ప్రణవమని, తిరగలి కాలచక్రమని గంభీరంగా ఉపన్యసించి, ఆ రోకలి ఎత్తే మనిషిని మరచిపోవడం. ప్రతీక విషయంలో శాస్త్రనియమం తక్కువైన దానిని ఎక్కువగా చూడమన్నది. రాతిని, కర్రను పైకెత్తి, వాటిని పట్టుకొన్న చేతిని కిందనే వదలివేయమని ఏ సూత్రమూ చెప్పలేదు. పూజామందిరంలో అన్నపూర్ణాదేవి పటానికి హారతి ఇచ్చి, పీట మీద కూర్చొని కూరలో ఉప్పు తగ్గిందని కేకలు వేసేవాడు ప్రతీకను గ్రహించలేదు. విఠలుడు తిరగలిని స్తుతించలేదు. ఎదుట కూర్చొని విసిరాడు. ఆ అభంగాలు విని పురుషులమైన మనము చేయవలసినది కూడా అదే.

తరిగొండ వెంగమాంబ గారిని స్మరించకుండా ఈ ప్రసంగం పూర్తి కాదు. ఆ తల్లి 1730లో జన్మించి 1817లో పరమపదించారు. తిరుమలలో నివసించి, వేంకటాచల మాహాత్మ్యం మొదలుగా అనేక కృతులు రచించారు. అంత వాఙ్మయం రచించిన విదుషీమణిని నేటికీ ప్రతిరాత్రి శ్రీవారి సన్నిధిలో తలచుకొనేది ఒక పళ్ళెంతో. ఏకాంతసేవలో తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి ముత్యాలహారతి అని ప్రసిద్ధి. లాలి పాట, హారతి పళ్ళెం. పగలంతా రాజోపచారాలు అందుకొన్న స్వామికి రాత్రి నిద్రవేళ కావలసినవి, ఏ ఇంటి తల్లి అయినా తన బిడ్డకు ఇచ్చేవే. తిరుమలలో నిత్యాన్నదానం జరిగే భవన సముదాయానికి కూడా ఆ తల్లి పేరే పెట్టారు. దినమూ వేలాది ఆకలులు తీరే చోటుకు ఒక కవయిత్రి పేరు ఉండడం నాకు ఎంతో ఉచితంగా తోస్తుంది.

ఇప్పుడు రోళ్ళు పెరటిలో బోర్లించి ఉన్నాయి. తిరగళ్ళు అటకెక్కాయి. మిక్సీలు, గ్రైండర్లు వచ్చాయి. దీనికి నేను విచారించను. మన తల్లుల భుజాలకు, నడుములకు విశ్రాంతి దొరికింది, అది మంచిదే. కాని రోకలితోపాటు పాట కూడా వెళ్ళిపోతున్నది. దంపు లేనిదే ఆ పాటకు నడక జ్ఞాపకం రాదు. పాడగలిగినవారు ఎనభై, తొంభై ఏండ్లవారు. వారిలో చాలామంది ఆ పాటలను ఏనాడూ కాగితంమీద పెట్టలేదు. పెట్టదగినవని వారికి ఎవరూ చెప్పలేదు.

కనుక ఈ సభలోని యువతీయువకులకు నా విన్నపం ఒక్కటే. ఈ సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు మీ అమ్మమ్మ దగ్గర, నాయనమ్మ దగ్గర ఒక గంట కూర్చోండి. పాట పాడమనగానే సిగ్గుపడి, నాకేమీ రావంటారు. అప్పుడు పాట అడగకండి, పని అడగండి. అమ్మమ్మా, నీవు ఎట్లా దంచేదానివి? తెల్లవారుజామున ఎవరెవరు వచ్చేవారు? చల్ల ఎట్లా చిలికేదానివి? అని అడగండి. చేయి కదిలితే పాట దానంతట అదే వస్తుంది. మీ చేతిలోని ఫోనులో రికార్డు చేసుకొనే సౌకర్యం ఉన్నది కదా, రికార్డు చేయండి. పిమ్మట పుస్తకంలో వ్రాయండి. వ్రాసేటప్పుడు పాటలోని మాటలు మాత్రమే వ్రాసి ఊరుకోకండి. అది ఏ పని చేస్తూ పాడినదో, ఎందరు కలిసి పాడేవారో, ఆమె ఎవరి దగ్గర నేర్చుకొన్నదో కూడా వ్రాయండి. వేదమంత్రానికి ఋషి, ఛందస్సు, దేవత చెప్పుకొన్న తరువాత వినియోగం చెబుతాము. ఈ పాటలకు కూడా వినియోగం తెలియనిదే అర్థం పూర్తి కాదు. ఆ పుస్తకం మీద ఆమె పేరు వ్రాయడం మరువకండి.

ఇక్కడికి వచ్చిన తల్లులకు ఒక మాట. మాకు సంస్కృతం రాదు, శాస్త్రం రాదు, ఈ పనులతోనే జన్మ గడచిపోయిందని మీలో కొందరు నాతో అంటూ ఉంటారు. హవిస్సును చేసే మనిషి అని మీకు వేదం పెట్టిన పేరు మరువకండి. పని చేస్తూ పాడిన గోపికలనే శుకమహర్షి పరీక్షిన్మహారాజుకు ఆదర్శంగా చూపారు. మీకు జ్ఞాపకం ఉన్న ఒక్క చరణమైనా మీ మనవరాలికి, మనవడికి అప్పగించండి.

రేపటి నుండి మన ఆలయంలో ప్రసాదానికి బియ్యం చెరిగే వేళ, పూలు కట్టే వేళ ఇటువంటి పాటలు వచ్చినవారు వచ్చి పాడాలని, వినేవారు చేతులు కట్టుకొని కూర్చోక ఒక చేట అందుకోవాలని ప్రార్థిస్తున్నాను. గోదారంగనాథుల కృప మీ అందరి ఇళ్ళ మీద ప్రసరించుగాక.

స్వస్తి.